గ్లాసులు కడిగిన నీళ్ళు

కిస్మిస్ ఉడకబెట్టడం

వేదాంత పాఠశాలలో మీకు ప్రసంగాన్ని మూడు భాగాలుగా ఎలా విడగొట్టాలో నేర్పుతారు. పెళ్ళి ఎలా చేయాలో, సమాధి దగ్గర ఏం చదవాలో నేర్పుతారు. కిస్మిస్ ఉడకబెట్టడం మాత్రం నేర్పరు. ముప్పై ఏళ్ళ పాస్టరు ఉద్యోగంలో నేను ప్రతి నెలా, ఎవరూ వంక పెట్టకుండా చేసిన పని అదొక్కటే.

శనివారం మధ్యాహ్నం పావుకిలో నల్ల కిస్మిస్ కడిగి, రెండు చెంబుల నీళ్ళు పోసి, ఒక చెంబు అయ్యేదాకా మరిగించి, చల్లారాక పాత పంచె గుడ్డలో వేసి పిండాలి. సీసాలో పోసి మూత మరీ బిగించకండి. ఎండాకాలం పొంగి పేలుతుంది. నాకు ఒకసారి టేకులపల్లి బస్సులో పేలింది. పక్కన కూర్చున్న పెద్దమనిషి తెల్ల లాల్చీ పాడైంది. ఆయన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఆ రసాన్నే నెలకోసారి రొట్టెతోపాటు బల్ల మీద పెట్టి, ఇది మన కోసం చిందిన ప్రభువు రక్తం అని చెప్పి ఇస్తాం. దాన్నే మనవాళ్ళు బల్ల అంటారు. అందులో భాగముంటే సంఘంలో మనిషి. భాగం లేకపోతే ఆదివారం వచ్చి కూర్చునే మనిషి, అంతే.

కిస్మిస్ రసం ఎర్రగా ఉండదు. బెల్లం పాకం రంగులో ఉంటుంది. అడవిలోని ఒక కోయ ఊరిలో మొదటిసారి ఇచ్చినప్పుడు, నాగమ్మ అనే ఆవిడ గ్లాసు ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది.

"అయ్యగారూ, రక్తమంటివి. గిది రక్తమైతే గడ్డ కట్టాలె గద?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గుర్తు కోసం ఇస్తున్నామమ్మా అని ఏదో చెప్పాను. ఇంటికొచ్చాక ఆ మాట లోపల గుచ్చుకుంది. మర్నెల రంగు కోసం ఒక బీట్‌రూట్ ముక్క వేసి ఉడికించాను. ఎవరో ఖమ్మంలో ఉండే మా పై అధికారి, సూపరింటెండెంటు అయ్యగారికి చేరవేశారు. "ప్రభువు రక్తానికి రంగులేస్తున్నావటయ్యా! నాటకాల కంపెనీలో చేరలేకపోయావా?" అని ఆయన నలుగురి ముందూ దులిపేశారు. బీట్‌రూట్ మానేశాను.

నాగమ్మ ఎగతాళికి అడగలేదు. కోళ్ళను, మేకలను చేత్తో కోసిన మనిషి. రక్తం వేడిగా ఉంటుందని, వాసన వేస్తుందని, కాసేపటికి గడ్డ కడుతుందని ఆమెకు తెలుసు. నాకు రక్తమంటే ప్రసంగంలో గొంతు పెంచి పలికే మాట. మా ఇద్దరిలో ఎవరు ఎవరికి పాఠం చెప్పాల్సిందో అప్పుడే నాకు తెలిసి ఉండాల్సింది.

అడవి సంఘాలకు పాస్టర్లుగా వెళ్ళబోయే పిల్లలు నా అనుభవాలు రాయమన్నారు. ఎన్ని సంఘాలు కట్టానో, ఏ పదవినుంచి దిగానో నేను రాయను. నాగమ్మను ఆ గ్లాసుకు దూరం పెట్టినవాణ్ని నేను. అది రాస్తాను.

ట్రే

ముందు ఆ గ్లాసులు ఎక్కణ్నుంచి వచ్చాయో చెప్పాలి.

నా మొదటి సంఘం మధిర వైపు. నేను పుట్టిన మాలపల్లె అక్కడికి దగ్గరే. డెబ్బైలలో సంగతి. ఆ సంఘంలో ఒకటే పెద్ద ఇత్తడి గిన్నె ఉండేది. అందరూ వరసగా దాన్నే నోటికి పెట్టుకుని తాగేవాళ్ళు. కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న ఒక పెద్ద రైతు కుటుంబం ఆ రోజుల్లోనే నమ్మకంలోకి వచ్చింది. మంచివాళ్ళే. ప్రార్థనలో కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. కానీ మొదటిసారి గిన్నె చేతికొచ్చినప్పుడు ఆ ఇంటి పెద్దాయన అంచు చూశాడు. జేబురుమాలు తీసి తుడిచాడు. పెదవి తగలకుండా కొంచెం నోట్లో పోసుకున్నాడు. మర్నెల ఆ ఇంటివాళ్ళెవరూ రాలేదు.

ఇంకో నెలకు సూపరింటెండెంటు అయ్యగారి దగ్గర్నుంచి ఒక పెట్టె వచ్చింది. అందులో చిల్లుల ట్రే, ముప్పై బుల్లి గాజు గ్లాసులు. ఇకనుంచి ఎవరి గ్లాసు వాళ్ళదే, ఇది ఆరోగ్యానికి మంచిది అని ఉత్తరం. ఎవరి ఆరోగ్యానికో సంఘంలో ప్రతివాడికీ తెలుసు.

ఆ ఆదివారం మా నాన్న నా ప్రసంగం వినడానికి వచ్చాడు. జీవితమంతా పాలేరుగా బతికిన మనిషి. గ్లాసు తాగి, దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. బయటికొచ్చాక అన్నాడు:

"బాగానే ఉందిరా అబ్బాయ్. మనెంగిలి వాళ్ళకంటదు, వాళ్ళెంగిలి మనకంటదు. మరి లోపల అందరిదీ ఒక్క రక్తమే అని అరిచావే, అదెవరి కోసం?"

అప్పటికి నా ఉద్యోగం ఖాయం కాలేదు. అట్లా మొదటిసారి నోరు మూసుకున్నాను. మొదటిసారి మూసిన నోరు రెండోసారి మూయడం ఎంత సులువో మీరే తెలుసుకుంటారు, నేను చెప్పనక్కర్లేదు. నన్ను అడవికి బదిలీ చేసినప్పుడు ఆ ట్రే నా వెంటే వచ్చింది.

ఇక అడగదు

ఊరి పేరు రాయను. బస్సు దిగి మూడు గంటలు నడవాలి. ముప్పై ఇళ్ళు. ఆరు ఇళ్ళవాళ్ళు మన ప్రార్థనకు వచ్చేవాళ్ళు. నాగమ్మ మొగుడు అడమయ్య మాత్రం బాప్తిస్మం తీసుకోలేదు. "నా పని నాకుంది. అది పోతనంటె పోనీ" అనేవాడు. మంచి మనిషి. నేను వెళ్ళిన ప్రతిసారీ కుక్కల్ని అదిలించి మంచం వాల్చేవాడు.

నాగమ్మ ఎందుకు వచ్చిందో చెబుతాను. వాళ్ళ ఇంట్లో జ్వరాలు. పిల్లకు జ్వరమొస్తే ఊరి దేవత ఏదో బలి అడుగుతోందని ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు. ముందు కోడి ఇచ్చారు. తగ్గలేదు. మేక ఇచ్చారు. ఆ పిల్ల పోయింది. రెండేళ్ళకు ఇంకో పిల్ల, ఇంకో మేక. ఆ పిల్లా పోయింది. మిగిలిన ఇద్దరు పిల్లల్ని చూసుకుంటూ, మళ్ళీ ఎప్పుడు అడుగుతుందో, ఏం అడుగుతుందో అని ఆ మనిషి రోజూ భయపడుతూ బతికింది. నేను తెలిసో తెలియకో ఆమెకు సరైన మాట చెప్పాను. ఒక్కడి రక్తం ఒక్కసారి అందరి కోసం చిందింది, ఇక ఎవరూ ఎవర్నీ రక్తం అడగడానికి లేదు అన్నాను.

"ఇక అడగదా?"

"అడగదు."

"జరమొచ్చినా?"

"జ్వరమొస్తే దవాఖానా మాత్ర వేసుకో. రక్తం మాత్రం ఎవరూ అడగరు. అయిపోయింది."

ఆమె నా చేతిలోని బైబిలు వైపు వేలు చూపింది. "ఆయన గూడ అడగడా? ఏమడగడా?"

"ఏమీ అడగడు."

"మరి నువ్వు?"

నాకు నవ్వొచ్చింది. "నేనెందుకు అడుగుతానమ్మా?" అన్నాను.

ఆ ఏడు ఇవ్వడానికని పెట్టుకున్న ఎర్రకోడిని నాగమ్మ వదిలేసింది. దాన్ని అయ్యగారి కోడి అనేది. కూర వండలేదు, అమ్మలేదు. అది గుడ్లు మానేసి, ముసలిదై, గుడిసె చూరు కింద తనంతట తాను చచ్చింది. ఆ ఊళ్ళో ముసలితనంతో చచ్చిన కోడి అదొక్కటే అయి ఉంటుంది. నేను రక్తం గురించి ఎన్ని ప్రసంగాలు చేశానో గుర్తులేదు. ఆ కోడికి అర్థమైనంత నా సంఘాల్లో ఎవరికీ అర్థం కాలేదు, నాతో సహా.

గుప్పెడు జొన్నలు

తొలకరికి ముందు ఆ ఊళ్ళో విత్తనాల పండుగ చేస్తారు. ప్రతి ఇంటి ఆడమనిషి మోదుగాకు డొప్పలో గుప్పెడు విత్తనాలు తెచ్చి ఒకే కుప్పలో పోస్తుంది. జొన్నలు, కందులు, వడ్లు అన్నీ కలిసిపోతాయి. పూజారి కోడిని కోసి ఆ కుప్ప మీద రక్తం చిందించి, చేత్తో కలిపి, మళ్ళీ ఇంటికో గుప్పెడు పంచుతాడు. ఎవరి గింజ ఎవరికి పోయిందో తెలియదు. ఆ గుప్పెడును ఇంటి విత్తనాలలో కలుపుకున్నాకే నాగలి కడతారు. కుప్పలో విత్తనం పోయని ఇల్లు ఊరితో లేని ఇల్లు. ఆ ఇంటికి ఎవరూ కలుపు తీయడానికి రారు, ఎద్దునివ్వరు.

ఈ సంగతి నాకు ముందునుంచీ తెలుసు. చూసీ చూడనట్టు ఉన్నాను. ఎనభైల మొదట్లో సూపరింటెండెంటు అయ్యగారు అడవి సంఘాలు చూడటానికి వచ్చి, విని, అదిరిపడ్డారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు ఆ రక్తంలో విత్తనం కలిపితే ఆరు నెలలు బల్ల లేదు, ఆ తరువాత సంఘం ముందు తప్పు ఒప్పుకుంటేనే మళ్ళీ చేర్చుకోవాలి అని కాగితం రాసిచ్చారు. ఆ కాగితం నేనే ఆ ఊళ్ళో చదివి వినిపించాను.

వారానికి నాగమ్మ మా ఇంటికే నడిచొచ్చింది. మా ఆవిడ మంచినీళ్ళిస్తే తాగి, గుమ్మం దగ్గర కూర్చుంది.

"అయ్యగారూ, నేను మొక్కను. కోడినియ్యను. గుప్పెడు జొన్నలు కుప్పల పోసి వస్త. అంతే."

"అవి రక్తంలో కలుస్తాయి నాగమ్మా."

"కలుస్తయ్. మాకు ఒక్కటే ఎద్దు. మా బావ ఎద్దుతోటి జత కట్టకుంటె నాగలి నడవది. జొన్నలు పొయ్యకుంటె ఆయన ఎద్దునియ్యడు. పిల్లలకేం పెట్టాలె?"

నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "దేవుడు చూసుకుంటాడు" అన్నాను. పిల్లలూ, ఎదుటి మనిషి రేపు ఏం తింటుందో మీకు తెలియనప్పుడు ఈ మాట అనకండి. దేవుడి మీదికి నెట్టేసి మీ అన్నం మీరు తినడానికి ఇంతకన్నా మంచి మాట లేదు.

ఆమె లేచింది. "నీ గిన్నెల రక్తం ఎవలది వాళ్ళకే చిన్న చిన్న బుడ్లల పోసిస్తవు. మా కాడ అందరియి ఒక్క కుప్పల కలుపుతరు. గది తప్పెట్లయిందో నాకు సమజ్ కాలే" అని, కోపం లేకుండా, నిజంగానే అర్థం కాక అడిగి వెళ్ళిపోయింది. మా నాన్న అడిగిన మాటే.

పండుగ అయింది. మిగతా ఐదు ఇళ్ళవాళ్ళలో కొందరు ఆ వారం చుట్టాల ఊళ్ళకు తప్పుకున్నారు. కొందరు విత్తనం పోసి, పోయలేదన్నారు. పోయలేదంటే నేను నమ్మాను, నమ్మడం నాకు సుఖం. నాగమ్మ ఒక్కతే నా ఎదుట నిలబడి, "పోసిన" అంది.

అబద్ధం చెప్పినవాళ్ళకు గ్లాసు అందింది. నిజం చెప్పిన మనిషికి ఆపేశాను.

గుంజ దగ్గర

మానేస్తుందనుకున్నాను. మానలేదు. నెలనెలా వచ్చి, ప్రార్థన జరిగే పాకలో వెనక గుంజకు ఆనుకుని కూర్చునేది. ట్రే పట్టుకుని వరసగా ఇస్తూ, ఆమె దగ్గరికి రాగానే చేయి పక్కకు తిప్పి అవతలి మనిషికి ఇచ్చేవాణ్ని. ఆమె తల దించుకునేది కాదు. ట్రేను చూసేది. నా మొహం చూసేది కాదు. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

మొదటినుంచీ గ్లాసులు కడిగేది నాగమ్మే. బల్ల ఆపినా ఆ పని ఆమె ఎవరికీ ఇవ్వలేదు, నేనూ వద్దనలేదు. ఆరాధన అయ్యాక గ్లాసులన్నీ బొచ్చెలో వేసుకుని పాక వెనక్కి పోయేది. ముందు కొన్ని నీళ్ళతో తొలిచి, తరువాత బూడిదపెట్టి తోమి, తళతళలాడేట్టు తెచ్చి ట్రేలో సర్దేది. తొలిచిన నీళ్ళు ఎక్కడ పారబోసేదో నేనెప్పుడూ చూడలేదు. చూడాల్సిన పని నాకేముంది?

ఒకరోజు మా ఆవిడతో ఈ సంగతి గొప్పగానే చెప్పాను. ఆపినా అలగలేదు, సేవ మానలేదు, శిక్ష పనిచేస్తోంది అన్నాను. మా ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"ఏమండీ, కడగడానికి ఆ చెయ్యి పనికొచ్చింది, తాగడానికి ఆ నోరు పనికిరాలేదా?"

"నీకు తెలియదు, ఊరుకో" అన్నాను. ఆవిడ ఊరుకుంది. మా ఇంట్లో ఊరుకున్న ప్రతిసారీ ఆవిడ మాటే నిజమయ్యేది.

ఖమ్మం వెళ్ళి రావడం

శిక్ష తీరడానికి ఇంకా మూడు వారాలున్నాయి. ఒక మంగళవారం పొద్దున అడమయ్య నడిచొచ్చాడు. దుమ్ము కొట్టుకుపోయిన కాళ్ళతో గుమ్మంలో నిలబడ్డాడు.

"నాగమ్మకు జరం. నాలుగొద్దులాయె. మనిషి మనిషి లెక్క లేదు. నీ గిన్నె కావాల్నంటంది. జల్దీ రా అయ్యగారూ."

"డోలీ కట్టి దవాఖానాకు తీసుకురావాల్సింది కదయ్యా!"

"కట్టిన. ఎక్కలే. తోవలనే పోత, నన్ను ఈడనే ఉండనీ, అయ్యగారిని తోలుకరా అన్నది."

మలేరియా మాత్రలు ఇంట్లో ఉంటే ఇచ్చాను. మా ఆవిడ అప్పటికే పొయ్యి మీద గిన్నె పెట్టి కిస్మిస్ డబ్బా తీసింది. గంటలో రసం తయారవుతుంది. అడమయ్యతో కలిసి బయల్దేరితే పొద్దుగూకకముందే చేరతాను. నా కాళ్ళు బాగానే ఉన్నాయి. వానలు వెనకబట్టాయి, వాగులో మోకాలి లోతు నీళ్ళు కూడా లేవు. నాకు ఏ అడ్డమూ లేదని మీరు గమనించాలి.

నేనే ఒక అడ్డం వెతుక్కున్నాను. ఆరు నెలలు నిండలేదు. సంఘం ముందు ఒప్పుకోలేదు. నా అంతట నేను ఇస్తే రేపు అయ్యగారు అడిగితే ఏం చెప్పాలి? "నువ్వు పద అడమయ్యా, పెద్దయ్యగారిని ఒక్కమాట అడిగి వెనకాలే వస్తాను" అన్నాను. అడమయ్యకు అర్థం కాలేదు. "ఇంకెవల్ని అడగాలె? గిన్నె నీ కాడనే ఉన్నది గద?" అన్నాడు. మా ఆవిడ పొయ్యి ముందునుంచి లేచొచ్చి నా ముఖంలోకి చూసింది. ఆ చూపు తప్పించుకుని ఖమ్మం బస్సెక్కాను.

అయ్యగారు ఆ సాయంత్రం దొరకలేదు. మర్నాడు పొద్దున దొరికారు. ఇక్కడ ఒక న్యాయమైన మాట చెప్పాలి. ఆయన దుర్మార్గుడు కాదు. తనకంటూ ఏమీ దాచుకోలేదు, జ్వరంతో కూడా ఊళ్ళు తిరిగేవారు. దుర్మార్గుడైతే నాకు ఎంత బాగుండేది! అంతా ఆయన నెత్తిన రుద్ది పడుకునేవాణ్ని. నేను చెప్పిందంతా విని ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"కనికరం వేరయ్యా, క్రమం వేరు. ఇద్దరు పెద్దల ఎదుట తప్పు ఒప్పుకోనీ. ఒప్పుకున్న వెంటనే ఇచ్చెయ్. ప్రాణం మీదికొచ్చిన మనిషి ఎందుకు ఒప్పుకోదు?"

అంటే ఇచ్చేయమనే కదా అని సంతోషంగా మధ్యాహ్నపు తిరుగుబస్సు ఎక్కాను. ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. రసం చల్లారి సీసాలో ఉంది. గురువారం తెల్లవారగానే ట్రే పట్టుకుని నడిచాను. తోవ పొడుగునా నాగమ్మ చేత ఏ మాటలు పలికించాలో కూర్చుకుంటూ పోయాను.

ఎద్దు

ఊరి మొదట్లోనే తెలిసింది. నాగమ్మ ముందురోజు పొద్దుగూకే వేళకు పోయింది.

గుడిసె ముందు ఊరంతా ఉంది. వేపచెట్టుకు అడమయ్య ఎద్దును కట్టేశారు. ఇంటి పెద్దవాళ్ళెవరైనా చనిపోతే ఎద్దును కోయడం వాళ్ళ కులాచారం. రక్తం చిందకుండా మనిషిని సాగనంపితే ఆ మనిషి తిరిగొచ్చి అడుగుతుందని వాళ్ళ భయం. అడమయ్య ఎద్దు పలుపు చేత్తో పట్టుకుని అడ్డం నిలబడ్డాడు.

"కొయ్యొద్దన్నది. ఎద్దుంటె పిల్లలు బతుకుతరన్నది. నాకు ఆయనది సాలు, ఇంకోటి వద్దన్నది" అంటున్నాడు.

ఊరి పూజారి ముసలాయన. నన్ను చూసి జనాన్ని జరగమన్నాడు. "ఇగో, ఈయన సెప్పిన మాటే గద. ఈయననే అడుగుదాం. నీ నోటితోని సెప్పయ్యా. ఆమెకు మీ దేవుని రక్తం సాలిందా, సాలలేదా? సాలకుంటె మేం ఎద్దును కోస్తం."

ముప్పై ఇళ్ళ జనం నా నోటివైపు చూశారు. నా చేతిలో ట్రే ఉంది. చెవిలో పెద్దయ్యగారి మాట ఉంది. ఆరు నెలలు నెలకోసారి ఆమెకు చాలదని చేయి తిప్పి చెప్పినవాణ్ని నేనే.

"చాలింది" అన్నాను.

పూజారి తల ఊపి పలుపు విప్పించాడు. నేను ఏ పుస్తకమూ తీయలేదు. శిక్షలో ఉన్న మనిషికి సంఘం సమాధి ఆరాధన చేయకూడదని రూలు. ఒట్టి నోటితో నాలుగు మాటల ప్రార్థన చేశాను. ఊరి ఆడవాళ్ళు ఏడ్చారు. కుప్పలో నాగమ్మ విత్తనం కలుపుకున్న వాళ్ళందరూ తలా గుప్పెడు మన్ను వేశారు. మన సంఘంవాళ్ళు కూడా వేశారు, కొంచెం దూరంగా నిలబడి.

అందరూ వెళ్ళాక అడమయ్య గుడిసెలోకి పోయి ఒక చిన్న సొరకాయ బుర్ర తెచ్చి నా ముందు పెట్టాడు.

"గిది సూడు అయ్యగారూ. నీ గాజు బుడ్లు కడిగిన నీళ్ళు. ఫస్టు తొలిసినయి. ఎన్నడు పారబొయ్యలే అది. గీండ్ల పట్టుకొచ్చి దాసుకునేది. పొద్దుగాల ఇంత నోట్ల పోసుకునేది. నిన్న నువ్వు రాకపోతివి. సూసి సూసి గిదే పొయ్యమన్నది. పోసిన. తాగింది." బుర్రను చేతిలో ఊపాడు. లోపల ఏమీ లేదు. "గది లెక్కకొస్తదా? నీళ్ళేనా ఒట్టి?"

వస్తుంది అంటే ఆరు నెలలు నేను ఆపింది ఏమిటి? రాదు అంటే ఇప్పుడే ఊరందరి ముందు నేనన్నది ఏమిటి?

అడమయ్య నా జవాబు కోసం ఎక్కువసేపు చూడలేదు. నా పక్కనే గొంతుక్కూర్చుని, చేత్తో మట్టి గీరుతూ, చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు:

"ఇక అడగడన్నవు గద అయ్యగారూ. ఏమీ అడగడన్నవు. దానికి గదే ధైర్నం. మరి ఆర్నెల్ల సంది ఏమడిగిండు దాన్ని?"

మిగిలిన ఉద్యోగం

ఉద్యోగం మానేస్తానని ఆ రాత్రి మా ఆవిడతో అన్నాను. మానలేదు. ఆ తరువాత ఇరవై ఏళ్ళు చేశాను. ఆ నెల రిపోర్టులో ఆ ఊరి గురించి "ఒక మరణం" అని రాశాను. అయ్యగారు ఏమైందని అడిగారు. ఆలస్యమైందండీ అన్నాను. "అయ్యో" అన్నారు. నిజంగానే బాధపడ్డారు. కాగితం మాత్రం మారలేదు. మార్చమని నేనూ అడగలేదు.

ఆ ఊరికి నెలనెలా వెళ్ళాను. అడమయ్య నా కోసం మంచం వాల్చేవాడు, మునుపటిలాగే. తరువాత ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఎద్దు బాగానే ఉండేది. ప్రార్థనకు వచ్చేవాళ్ళు ఆరు ఇళ్ళు నాలుగై, రెండై, చివరికి పాక కూలిపోయింది. నా తరువాత వచ్చిన పాస్టర్లు ఆ ఊరివాళ్ళ మనసులు కఠినమని రాశారు. చదివి ఊరుకున్నాను.

పిల్లలూ, మీకు ధైర్యం చెప్పే మాట ఏదైనా రాయమన్నారు. నా దగ్గర లేదు. ఉన్న మాట చెబుతాను. రక్తం అంటే ఇక అడగకపోవడం. అంతకుమించి దానికి అర్థం లేదు. అది తెలుసుకోవడానికి నాగమ్మకు ఒక్క పూట పట్టింది. నాకు ఉద్యోగమంతా పట్టింది, తెలిసేసరికి ఆ మాట చెప్పడానికి ఆమె లేదు. మీ చేతికి ట్రే వస్తుంది. దాంతోపాటు కాగితం కూడా వస్తుంది. రెండూ ఒకే చోటునుంచి వచ్చాయని మీకు చెబుతారు. నేనూ అట్లాగే నమ్మాను.

నమ్మకం పోయిందా అని మా ఆవిడ బతికున్నప్పుడు ఒకసారి అడిగింది. పోలేదు, అదే బాధ అన్నాను. పోతే ఇది ఒట్టి కిస్మిస్ రసం, నేను ఒక మనిషికి కిస్మిస్ రసం ఇవ్వలేదు, అంతే. ఇది రక్తమన్న మాటే నిజమైతే నేను ఆపింది ఏమిటో నాకు తెలుసు.

ఇప్పుడు ఖమ్మంలో ఉంటున్నాను. నెల మొదటి ఆదివారం ట్రే నా దగ్గరికి వస్తుంది. గ్లాసు తీసుకోకుండా పక్క మనిషికి అందిస్తాను. షుగరు ఉందని అనుకుంటారు. ఆరాధన అయ్యాక గ్లాసులు కడిగే పని నేనే అడిగి తీసుకున్నాను. పెద్దాయన వినయం చూడండి అని ఇప్పటి పాస్టరుగారు పది మందిలో మెచ్చుకున్నారు.

వెనక కుళాయి దగ్గర కూర్చుని ముందు కొంచెం నీళ్ళతో తొలుస్తాను. బొచ్చెలో అడుగున లేత గోధుమరంగు నీళ్ళు చేరతాయి. పారబోయడానికి చేయి రాదు. తాగుదామంటే నోరు రాదు. అట్లాగే పట్టుకుని కూర్చుంటాను. లోపల్నుంచి ఎవరో, "అయ్యగారూ, కాలేదా ఇంకా? తాళం వేయాలి" అని పిలుస్తారు.